బయట ఉన్నాడు

మంత్రిగారి ముందు నోరు తెరిచినందుకు ఎర్మెలిందాను పోలీసులు జుట్టు పట్టుకుని హాల్లోంచి ఈడ్చుకెళ్ళారు. నేను చూశాను. ఆమె అడిగింది ఒక్కటే, విద్యార్థుల తరఫున ఒక మాట చెప్పొచ్చా అని. కొత్త భవనం తెరవడానికి రాజధాని లిస్బన్ నుంచి దిగిన పెద్దమనుషులు చప్పట్లు ఆపలేదు. విశ్వవిద్యాలయం గుమాస్తాని కాబట్టి నేనూ ముందు వరసలోనే ఉన్నాను. నా చేతులు కూడా రెండుసార్లు చప్పట్లు కొట్టాయి. ఆ సంగతి దాచను.

మర్నాడు వాచిన పెదవితో వదిలిపెట్టారు. ఆమె ఉండేది నా గదిలోనే. వాళ్ళమ్మ ఉప్పుమళ్ళలో కూలి, నేను పిన్నీ అంటాను. ఉపకార వేతనం మీద చదువు నెట్టుకొస్తోంది, ఇంకొక్క పరీక్ష రాస్తే టీచరమ్మ. మా విద్యార్థులు భుజాల మీంచి మడమల దాకా కప్పుకునే నల్ల ఉన్ని దుప్పటి కొనే స్తోమత లేక వాళ్ళన్న అబీలియుది కప్పుకునేది. దాన్ని ఉతకకూడదని మా ఆనవాయితీ. ఏడేళ్ళయినా అబీలియు పొగాకు వాసన దాన్ని వదల్లేదు. అది గోడకి వేలాడుతుంటే నేను అటు తిరిగి పడుకోలేకపోయేదాన్ని.

అబీలియు, నేను ఒకే తరగతి. ఏడేళ్ళ కిందట ప్రభుత్వం మీద నిరసనగా పరీక్షలు మానేద్దామని అందరం చేతులెత్తాం. ఆ రోజు వచ్చేసరికి చాలామందిమి లోపలికి నడిచాం. అతను హాలు బయట మూడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు. తిట్టలేదు, నవ్వాడు. "నా పేరు పిలిస్తే బయట ఉన్నాడని చెప్పు, చాలు" అన్నాడు. లోపల మూడుసార్లు పిలిచారు. నేను తల వంచుకుని పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను. గైర్హాజరని రాసుకున్నారు. బయట మిగిలింది ఇరవై మందే, ఏరివేయడం సులువైంది. అందర్నీ సైన్యంలో పడేశారు. అబీలియు ఆఫ్రికా వలసల యుద్ధంలో, గినీ బురదల్లో పోయాడు. శవం కూడా రాలేదు. నాకు పట్టా వచ్చింది, వెంటనే ఉద్యోగమూ వచ్చింది. పరీక్ష హాలు గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచే ఉద్యోగం.

ఎర్మెలిందాను కొట్టిన వారానికి, మళ్ళీ పరీక్షలు మానేద్దామని పెద్ద సభ పెట్టారు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు జుస్తీను బల్లెక్కాడు.

"మానేద్దాం మానేద్దాం అని అరిచేవాళ్ళ నాన్నలకి ద్రాక్షతోటలున్నాయి. ఈ ఏడు పోతే పైయేడు రాస్తారు. నాకు తుపాకీ ఇచ్చి ఆఫ్రికాకి తోలేస్తారు. ఎవరికోసం చావాలి నేను?"

"పిరికోడా, దిగు" అన్నారెవరో వెనకనుంచి.

"వాణ్ణేం అనకండి" అంది ఎర్మెలిందా. "వాడి భయం నిజమే. మా అన్న బయట నిలబడ్డందుకు పోలేదు. బయట ఇరవై మందే ఉన్నందుకు పోయాడు. ఇరవై మందికైతే రెండు లారీలు చాలు. ఇన్ని వేల మందిని ఎక్కించే లారీ ఎక్కడుందో చూపించమనండి."

"నీదేం పోయింది? ఆడపిల్లని సైన్యంలో వెయ్యరుగా" అన్నాడు జుస్తీను.

"వేతనం పోద్ది, ఉద్యోగం పోద్ది. ఉప్పుబుట్ట నెత్తికెత్తుకోవాలి. అది మోసీ మోసీ మా అమ్మ నడినెత్తి బోడయింది. వచ్చి చూస్తావా?"

జుస్తీను బల్ల దిగాడు. అందరి చేతులూ లేచాక, ఆఖరున తనదీ ఎత్తాడు.

పరీక్షలయ్యేదాకా దుఃఖం పాటించాలని కూడా ఆ సభలోనే తీర్మానించారు. మామూలు రోజుల్లో దుప్పటి భుజం మీద వదులుగా వేలాడుతుంది. ఎవరైనా పోతేనే తెల్ల చొక్కా కనబడకుండా మెడదాకా మూసి కొక్కెం పెడతాం. ఊరంతా అలా మూసుకుంది.

ఎర్మెలిందా ఇంటికి ఈ కబురు పంపలేదు. అదొక్కటే ఆమె చేసిన తప్పు. ఆఖరి పరీక్ష రోజున ఇంటివాళ్ళొచ్చి దుప్పటి ఎడమ అంచు చింపుతారు, స్నేహితులు కుడి అంచు చింపుతారు. చదువు ముగిసిందనడానికి అదే మాకు గుర్తు. అందుకని వాళ్ళమ్మ మొక్కజొన్న రొట్టె మూటగట్టుకుని పొద్దున రైలు దిగింది. స్టేషన్ నుంచి కొండ మీది విశ్వవిద్యాలయం దాకా వందలమంది పిల్లలు, మెడదాకా మూసుకున్న దుప్పట్లు, జనానికి పంచడానికి చేతుల్లో పూలు. కూతుర్ని పోలీసులు పట్టుకెళ్ళారని విని ఉంది కాబట్టి, లాకప్పులో చచ్చిపోయిందనుకుంది. హాలు మెట్ల దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏడ పెట్టారమ్మాయ్ దాన్ని?" అని నన్నడిగింది. "ఒక్కసారి మొకం సూడనీ. వాడి మొకం ఎలాగూ సూడలా."

గుంపులోంచి ఎర్మెలిందా పరుగెత్తుకొచ్చింది. పిన్ని ఆమె మొహం రెండు చేతులతో తడిమి, చెంప మీద ఒక్కటిచ్చింది.

"బతికుండి ఈ ఏసమేంటే? పోయి పరీచ్చ రాయి. మనింటికి ఒక్క కాయితవన్నా రావాల."

"రాయనమ్మా. అన్న పోయినప్పుడు ఈ ఊళ్ళో ఒక్కళ్ళు ఇట్టా మూసుకోలేదు. ఎవరి పరీక్ష వాళ్ళు రాసుకున్నారు. ఇప్పుడు మూసుకున్నారు. నన్నెట్టా లోపలికి పొమ్మంటావు?"

పిన్ని నావైపు తిరిగింది. "నువ్వు ఆడితో సదివినదానివేగా. నువ్వూ మూసుకోలేదా?"

"లేదు పిన్నీ. నేను లోపల కూర్చుని రాశాను. తన పేరు పిలిస్తే బయట ఉన్నాడని చెప్పమన్నాడు. చెప్పలేదు."

ఏడేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. జుస్తీను విన్నాడు. ఆమె కొడితే బాగుండేది. నా చేతిలో ఉన్న పేర్ల కాగితం చూసి, "పో, నీ పని నువ్వు సేసుకో" అంది.

లోపల అధికారుల పిల్లలు ఏడుగురు కూర్చున్నారు. మెట్ల కింద గుర్రాల మీద పోలీసులున్నారు. నేను గుమ్మంలో నిలబడి పిలవడం మొదలుపెట్టాను. మొదటి నాలుగు పేర్లకి బయటనుంచి చప్పుడు లేదు. ఐదోది జుస్తీనుది.

"బయట ఉన్నాడు" అన్నాడు జుస్తీను.

ఆ తర్వాత లోపల లేని ప్రతి పేరుకీ మెట్ల మీదివాళ్ళంతా కలిసి అదే జవాబిచ్చారు. ఎర్మెలిందా పేరుకి మాత్రం గుంపు ఆగింది. వాళ్ళమ్మ వైపు చూశారు. ఆమె కూతురి దుప్పటి ఎడమ అంచు పళ్ళతో పట్టుకుని చింపింది. పక్కనే ఇంకోటి చింపింది, కొడుక్కి.

"బయటుంది నా పిల్ల" అంది.

జాబితా అయిపోయింది. నేను అబీలియు పేరు పిలిచాను. మూడుసార్లు పిలిచాను.

"ఆ పేరు జాబితాలో లేదు" అన్నారు పరీక్ష పెడుతున్న ప్రొఫెసర్ గారు.

"బయట ఉన్నాడండీ" అన్నాను. కాగితం బల్ల మీద పెట్టి బయటికొచ్చాను.

ఎర్మెలిందా కుడి అంచు నా చేతికిచ్చింది. "చింపక్కా" అంది. ఉన్ని గట్టిది, చేతులతో చిరగలేదు. పళ్ళు పెట్టాను. నోట్లో పొగాకు, ఉప్పు. ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రం ఎర్మెలిందాను, జుస్తీనును, ఇంకా చాలామందిని పట్టుకెళ్ళారు. నా ఉద్యోగం పోయింది. పిన్ని ఊరెళ్ళలేదు.

మర్నాడు పొద్దున మరో పరీక్షకి ఇంకో గుమాస్తా పేర్లు పిలిచాడు. మెట్ల మీద ముందురోజు కంటే ఎక్కువమంది ఉన్నారు. మూడో మెట్టు మీద కూతురు తీసి ఇచ్చిన చిరుగుల నల్ల దుప్పటి మెడదాకా మూసుకుని పిన్ని నిలబడింది. చదువు రాని మనిషి. లోపల ఏ పేరు పిలిచినా ముందు ఆమే జవాబు చెప్పింది.