వీధి రేటు

జిప్పు రన్నరును పట్టకారుతో నొక్కి, పళ్ల మీద ఒకసారి ముందుకూ వెనక్కూ లాగి చూశాడు జిప్పుల మేస్త్రి. సాఫీగా నడిచింది. ముప్ఫై ఏళ్లుగా వింటున్నా ఆ సర్రుమనే చప్పుడుకి అతని పెదవి కొస ఇప్పటికీ కాస్త కదులుతుంది. బ్యాగు పక్కన పెట్టి నడుము పట్టుకున్నాడు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు.

కొట్ల యజమాని గుమాస్తా మళ్లీ వచ్చాడు. మేస్త్రి లీజు ఈ రోజుతో ముగుస్తుంది. వీధిలోని మిగతా ఐదు కొట్ల లీజులకు ఇంకా ఏళ్లున్నాయి గానీ, మార్కెట్ రేటు ప్రకారం వాటి అద్దె ఎంత పెంచాలన్న తగాదా మధ్యవర్తి దగ్గర నడుస్తోంది.

"కొత్త లీజు కాగితం మీదే అద్దె రెట్టింపు, మేస్త్రీ. ఇవ్వడం పాత అద్దే ఇద్దువుగాని. ఆ సంగతి మాత్రం ఎక్కడా రాయం."

"మరి మీకేంటి లాభం?"

గుమాస్తా నవ్వాడు. "ఈ వీధిలో రేటెంతని మధ్యవర్తి అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండాలిగా. సాయంత్రానికి సంతకం పెట్టు. లేదంటే తాళం ఇచ్చెయ్."

అతను వెళ్లాక, ఆ మాటలు విన్న ఎదురు పుస్తకాల కొట్టావిడ టీ తెచ్చింది. కొత్త నోటు పుస్తకాల వాసన ఆమె చీరకు కూడా అంటుకుని ఉంటుంది.

"పెట్టెయ్ అన్నయ్యా. ఈ వయసులో ఎక్కడికెళ్తావు? నేనేం అనుకోను."

"నువ్వు అనుకోవులేమ్మా. నీ అద్దె ఊరుకోదు."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది. మోకాళ్లు రుద్దుకుంటూ అంతా విన్నది.

"కుట్టు మిషను ఇంట్లో ఎక్కడ పడుతుంది?" అంది.

"మంచం జరిపితే కిటికీ పక్కన పడుతుంది."

"పెళ్లైన కొత్తలో ఒక్క పగలు ఇంట్లో ఉండమంటే ఉన్నారు కాదు. ఇప్పుడు సవతిని వెంటేసుకుని వస్తున్నారన్నమాట."

అతను నవ్వాడు. నవ్వితే నడుము కలుక్కుమంది. ఆమె అతని మీసానికి అంటిన మెతుకు వేలితో తీసేసింది.

సాయంత్రం దాకా మిగిలిన బ్యాగులన్నీ కుట్టి, ఎవరెవరివో చెప్పి పుస్తకాల కొట్టావిడకు అప్పగించాడు. సంతకం లేని కాగితం, దాని మీద తాళంచెవి గుమాస్తా చేతిలో పెట్టాడు.

"ఖాళీ కొట్టు చూపించి మధ్యవర్తికి నేనేం చెప్పను, మేస్త్రీ?"

"ఖాళీ అని చెప్పండి."

బండివాడూ అతనూ మిషను ఎత్తి పెట్టారు. బండి కదిలింది. ఒక చెయ్యి మిషను మీద ఆనించి వెనకే నడిచాడు. రెండో చెయ్యి భార్య పట్టుకుంది, మోకాళ్ల కోసమే అన్నట్టు.

కొట్టులో, గచ్చు పల్లంగా ఉన్న మూల, మిషను కాలి కింద ఎప్పుడో పెట్టిన అట్టముక్క ఒకటి మిగిలిపోయింది. నాలుగు మడతలూ అణిగి ఒక్క రేకైపోయాయి. మధ్యలో ఆ కాలు పట్టేంత గుంట.