నాన్న తెచ్చిన ఫ్లడ్‌లైటు

పెళ్లయి రెండు నెలలైనా కాలేదు, ఆమెకి మొగుడి పిచ్చి పూర్తిగా అంటుకుంది. పగలంతా కట్టుడు పళ్లు తయారుచేసే ఆ మనిషి, రాత్రయితే డాబా ఎక్కి రాలే ఉల్కల్ని లెక్కపెడతాడు. ఆమె పక్కనే చాప పరుచుకుని, ఒక్కో చుక్క రాలినప్పుడల్లా అతని చెయ్యి నొక్కుతుంది. అంతకన్నా సుఖం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు.

ఇంత చక్కటి కాపురంలోకి ఆమె నాన్న ఫ్లడ్‌లైటుతో దిగాడు. ఆయనది లైట్ల కొట్టు. అల్లుడు పాపం చీకట్లో కూర్చుంటున్నాడని విని కరిగిపోయి, కొట్లోకెల్లా పెద్దది అట్టపెట్టెతో సహా మోసుకొచ్చాడు.

"పొద్దున్నే బిగించేస్తాను. డాబా అంతా పట్టపగల్లా ఉంటుంది, అల్లుడుగారూ!"

అల్లుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ వెలుగు పడితే ఆకాశంలో ఇంకేం కనపడుతుంది? మామగారికి ఎదురు చెప్పే నోరా, లేదు. కూతురే పూనుకుంది.

"నాన్నా, ఇవాళ చుక్కలు బాగా రాల్తాయట. ఒక్కటి చూడు. చూశాక కూడా లైటు పెట్టాలనిపిస్తే నేనే నిచ్చెన పట్టుకుంటా."

"సరే. కనపడకపోతే మాత్రం బిగింపే!"

ముగ్గురూ వెల్లకిలా పడుకున్నారు. తలగడ చాలక నాన్న ఆ అట్టపెట్టె మీదే తల పెట్టుకున్నాడు.

"అదిగో!" అన్నాడు అల్లుడు. నాన్న అల్లుడి మొహం చూశాడు.

"అదిగదిగో!" అంది కూతురు. నాన్న కూతురి వేలు చూశాడు.

"నాన్నా, మమ్మల్ని కాదు, పైకి చూడు!"

"మాట్లాడే మనిషిని వదిలేసి ఆకాశం చూడటం ఏం మర్యాదే?" కొట్లో కూర్చుని కూర్చుని ఆయనకి అబ్బిన అలవాటది.

కాసేపటికి ఓపిక చచ్చి, జేబులోంచి టార్చి తీసి ఆకాశం మీదికి కొట్టాడు. "ఏదీ, ఎక్కడ?"

"బాబోయ్, ఆర్పండి!" కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడేదాకా ముగ్గురూ గుడ్డివాళ్లే.

ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. రేపటి నుంచి ఈ చీకటి ఉండదు. తడుముకుంటూ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"పోనీలే, ఇకమీదట కళ్లు మూసుకుని లెక్కపెడదాం," అన్నాడతను గుసగుసగా.

ఆమె నవ్వాపుకోలేక అతని భుజంలో మొహం దాచుకుంది. నాన్న గమనించనే గమనించాడు. పెద్దమనిషి, ఏం చేస్తాడు? గొంతు సవరించుకుని అటు తిరిగి పడుకున్నాడు.

సరిగ్గా అటే, ఆకాశాన్ని ఆ కొస నుంచి ఈ కొసకి చీల్చుకుంటూ ఆకుపచ్చగా ఒకటి దూసుకుపోయింది.

"ఒరే ఒరే ఒరే! అల్లుడూ! ఎంతుందో!" 'గారూ' ఎక్కడికో ఎగిరిపోయింది.

ఇద్దరూ దిగ్గున లేచి నాన్న మొహం చూశారు.

"నా మొహంలో ఏముంది? అక్కడ! అయ్యో, పోయింది. సరే, రాసుకో!"

"మేం చూడలేదు కదండీ. ఎవరి కంటితో వాళ్లు చూసిందే లెక్క..." అంటూ నిజాయితీకి పోబోయిన అల్లుడి కాలు ఆమె గట్టిగా తన్నింది.

"అయితే నా పేరున వేరే రాయి. మీరిద్దరూ కబుర్లు మానితే కదా కనపడ్డానికి! ఆ మెట్ల దగ్గర బల్బు ఎవరే వెలిగించింది? ఆర్పు ముందు."

ఆమె పరిగెత్తుకెళ్లి ఆర్పి వచ్చింది. "మరి పొద్దున నిచ్చెన వెయ్యనా నాన్నా?"

ఆయన పెట్టెని తల కింద ఇంకాస్త పైకి జరుపుకున్నాడు.

"తలగడ లాగేస్తే రేపు ఎలా పడుకోనే? మాట్లాడక పైకి చూడు."