బల్ల మీద ఒకే డబ్బా

నరసింహకు ఒక నియమం ఉండేది. పని చేసేటప్పుడు బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. మిగతావి బీరువాలో ఉండాలి, బీరువా తలుపు వేసి ఉండాలి. బల్ల మీద ఏ డబ్బా ఉందో, ఆ రోజు తూటాల్లోకి వెళ్ళేది అదే. పని అయ్యాక దాన్నీ లోపల పెట్టేయాలి. పదకొండేళ్ళ కిందట, నేపర్‌విల్‌లోని తన ఇంటి బేస్‌మెంట్‌లో, శేషగిరికి తూటాలు నింపడం నేర్పిన మొదటిరోజు అతను చెప్పిన మొదటి మాట అది.

నరసింహ ఈ సెప్టెంబర్ తొమ్మిదిన చనిపోయాడు. మెదడులో గడ్డ ఉందని జూన్‌లో తెలిసింది.

నవంబర్ మొదటి ఆదివారం అతని భార్య కృష్ణవేణి శేషగిరిని ఇంటికి రమ్మంది. కింద ఉన్న సామాను తనకు తెలియదనీ, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూడమనీ అడిగింది. కూతురు నిధి కూడా ఇంట్లో ఉంది. ఆమెకు ఇరవై ఏళ్ళు. విస్కాన్సిన్‌లో జింకల వేట మొదలయ్యే రోజున తండ్రి రైఫిల్ తీసుకుని, తండ్రి కూర్చునే చోటికి శేషగిరితో వెళ్ళాలని నిశ్చయించుకుంది. ఆమెకు అది మొదటి వేట.

ఆమె కోసం ఒక పెట్టె ఉంది. అందులో ఇరవై తూటాలు. మూత మీద నరసింహ చేతిరాతతో చీటీ: జూలై పద్నాలుగు, బులెట్ నూట యాభై గ్రెయిన్లు, పౌడర్ పేరు, దాని తూకం. అన్నిటి కింద తెలుగులో ‘నిధికి’ అని ఉంది.

ఆ నూట యాభై గురించి జూలైలో స్నేహితులిద్దరూ వాదించుకున్నారు. నరసింహ తన కోసం ఎప్పుడూ ఇంకా బరువైన, నూట అరవై ఐదు గ్రెయిన్ల బులెట్ వాడేవాడు. నిధికి కూడా అదే ఇవ్వమని శేషగిరి అన్నాడు. నరసింహ ఒప్పుకోలేదు. బులెట్ బరువు తగ్గితే భుజం మీద దెబ్బ తగ్గుతుంది, దెబ్బకు భయపడేవాళ్ళు ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటారు అన్నాడు. పౌడర్ విషయంలో వాదన లేదు. సేమియాను చిన్నగా విరిచినట్టు ఉండే పౌడర్ అది. నిదానంగా కాలుతుంది, ఇత్తడి తొడుగును మెడ దాకా నింపుతుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బయట పడుతుంది, కంటికి కనిపిస్తుంది. అందుకే దాన్ని ఎంచుకున్నాడు.

ఆదివారం శేషగిరి కిందికి దిగినప్పుడు బల్ల మీద ఎర్ర మూత డబ్బా ఉంది. అది పిస్టల్ పౌడర్. గసగసాల్లా ఉంటుంది, చాలా వేగంగా కాలుతుంది. గురి సాధన కోసం పిస్టల్ రేంజ్‌కి వెళ్ళే రోజుల్లో నరసింహ కొన్నది. శేషగిరి దాన్ని బీరువాలో పెట్టాడు.

పెట్టె పట్టుకుని నిధి పక్కకు వచ్చింది.

“ఇవి చెక్ చేయాలా, అంకుల్? వేరే వాళ్ళు లోడ్ చేసినవి షూట్ చేయొద్దు అని డాడ్ చెప్పేవాడు.”

“వేరే వాళ్ళు కాదుగా, మీ నాన్న. చూడక్కర్లేదు.”

బుధవారం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు అతను మళ్ళీ ఆగాడు. ఎర్ర మూత డబ్బా బల్ల మీద ఉంది, అంచుకు జానెడు దూరంలో, పేరు ముందుకు తిరిగి. పైకి వచ్చి కృష్ణవేణిని అడిగాడు.

“కిందికి దిగక నెల అయింది నేను. ఆ మెట్లు నా మోకాళ్ళకు పడవు,” అంది ఆమె. “పప్పు డబ్బా అయితే ముట్టుకునేదాన్ని. అది ఎత్తితే ఇల్లు లేస్తదేమోనని నాకు భయం.”

నిధి కూడా ముట్టుకోలేదంది. శేషగిరి డబ్బాను లోపల పెట్టి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి తన కీచైన్‌కు తగిలించుకున్నాడు. ఆ తాళానికి ఇంకో చెవి లేదు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి అతను దిగేసరికి డబ్బా బల్ల మీద ఉంది. బీరువా తలుపు లాగి చూశాడు. తాళం వేసే ఉంది. జేబులో చేయి పెట్టి చూసుకున్నాడు. తాళంచెవి ఉంది.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ ఆన్ అయి, కాసేపటికి ఆగింది. డబ్బా పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. బల్ల మీద ఏ డబ్బా ఉందో, తూటాల్లోకి వెళ్ళింది అదే.

నరసింహకు ఇంకో అలవాటు కూడా ఉంది. చీటీ ముందే రాసేవాడు. తూటాలు ఎప్పుడు నింపినా చీటీ మాత్రం నిర్ణయం తీసుకున్న రోజునే పెట్టె మీద ఉండేది. చీటీ మీద ఉన్నది జూలై; నింపింది ఆ తర్వాత కావచ్చు. ఆగస్టులో అతను చక్కెర డబ్బాలో ఉప్పు పోశాడని, గరాజ్ డోర్ కోడ్ మర్చిపోయాడని కృష్ణవేణి అప్పట్లో ఫోన్లో చెప్పింది.

శేషగిరి పెట్టె తెరిచాడు. పదిహేను తూటాలు ఉన్నాయి. ఐదు గుంతలు ఖాళీ.

ఒక తూటా చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మెడ దాకా పౌడర్ ఉన్న తూటా చప్పుడు చేయకూడదు. ఇందులో ఇసుక జారినట్టు వినిపించింది. సుత్తిలా ఉండే ప్లాస్టిక్ పనిముట్టులో దాన్ని బిగించి, కట్టె మీద మూడు దెబ్బలు కొట్టాడు. కొసనున్న బులెట్ ఊడింది. లోపలిది తెల్ల కాగితం మీద పోశాడు. గసగసాలు. తూకం చీటీ మీద రాసినంతే ఉంది. ఆ పౌడర్ అంత తూకంలో రైఫిల్‌లో కాలితే, తూటా వెనక మూసే ఉక్కు బోల్ట్ ఆగదు, వెనక్కి ఎగురుతుంది. దాని వెనక కాల్చే మనిషి చెంప ఉంటుంది.

పైకి పరుగెత్తాడు. నిధి ఎనిమిదింటికే రేంజ్‌కి వెళ్ళిందని, వేటకు ముందు రైఫిల్ గురి సరిచూసుకుంటానందని కృష్ణవేణి చెప్పింది. రేంజ్ నలభై నిమిషాల దూరం. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. కాల్చేటప్పుడు చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు ఉంటాయి. రేంజ్ ఆఫీసుకు చేస్తే రికార్డు చేసిన గొంతు పనివేళలు చెప్పింది. కారు తీశాడు. దారిలో ఇంకో ఆరుసార్లు చేశాడు.

రేంజ్ పార్కింగ్‌లో నిధి కారు డిక్కీ అంచు మీద కూర్చుని ఉంది. పక్కన రైఫిల్, సంచిలో జిప్ వేసి ఉంది. శేషగిరి ఆమె రెండు చేతులూ చూశాడు, తర్వాత ముఖం.

“బోల్ట్ క్లోజ్ అవలేదు, అంకుల్,” అంది. “ఐదూ ట్రై చేశాను. సగం వెళ్లి ఆగిపోయింది. నేను నెడితే, అటు నుంచి ఎవరో పట్టుకున్నట్టు.”

“వేరే తూటా పెట్టి చూశావా?”

“రేంజ్ ఆఫీసర్ ఒకటి ఇచ్చాడు, స్టోర్‌ది. ఈజీగా వెళ్ళింది. షూట్ చేశాను కూడా. రైఫిల్ ఫైన్.”

ఆ ఐదు తూటాలూ తీసుకుని ఇద్దరూ ఇంటికి వచ్చారు. శేషగిరి వాటిని కొలిచాడు: పొడవు, మెడ, మెడ కింద భుజంలా ఉండే వంపు. ఐదూ ఉండాల్సిన కొలతలోనే ఉన్నాయి. ఏ కొలతా బోల్ట్‌ను ఆపేది కాదు.

తెల్ల కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. అతను దాన్ని నిధికి చూపించి అది ఏమిటో చెప్పాడు.

“డాడ్ తప్పు చేశాడా?”

“చేశాడు. ఆగస్టులో ఆయనకు తెలియలేదు. తెలిసి నేను చేశాను. నువ్వు అడిగావు, చూడక్కర్లేదన్నాను.”

ఆమె అమ్మకు చెప్పొద్దంది. తర్వాత ఎర్ర మూత డబ్బా వైపు చూసి, దాన్ని ఎవరు బయట పెట్టారని అడిగింది. శేషగిరి కీచైన్ తీసి తాళంచెవి చూపించాడు.

ఆ మధ్యాహ్నం మిగిలిన పంతొమ్మిది తూటాలూ విప్పారు. వాటిలోదీ డబ్బాలోదీ పౌడర్ అంతా పెరట్లో గడ్డి మీద చల్లారు. ఖాళీ డబ్బాను కడిగి చెత్తలో వేశారు. తర్వాత సేమియా ముక్కల పౌడర్ డబ్బాను నిధి బీరువాలోంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. పేరు పైకి చదివింది. శేషగిరి కూడా చదివాడు. ప్రతి తూకం ఇద్దరూ చూశారు. అవే ఇత్తడి తొడుగులు, అవే నూట యాభై గ్రెయిన్ల బులెట్లు. పాత చీటీ తీయలేదు. దాని కిందే నిధి ఆ రోజు తేదీ రాసింది. చివర శేషగిరి డబ్బాను లోపల పెట్టి తాళం వేశాడు.

ఆ తర్వాతి శుక్రవారం విస్కాన్సిన్ బయలుదేరుతూ తూటాల పెట్టె కోసం అతనొక్కడే కిందికి దిగాడు. బీరువాకు తాళం ఉంది. బల్ల మీద సేమియా ముక్కల డబ్బా ఉంది, అంచుకు జానెడు దూరంలో, పేరు ముందుకు తిరిగి.

పెట్టెలోంచి ఒక తూటా తీసి చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. ఇరవైనీ ఊపాడు. ఒక్కటీ చప్పుడు చేయలేదు.

డబ్బాను అక్కడే ఉంచి, లైట్ ఆపి పైకి వచ్చాడు. కారు దగ్గర నిధి చేయి చాపింది. పెట్టె ఆమె చేతిలో పెట్టాడు.