గద్దకు వెండి రంగు

"గోధుమలు అవే ఉడుకుతాయి కదా, పక్కన నువ్వు నిలబడటం దేనికి?" అన్నాడు మా ఆయన కొర్నెల్, వంటింటి గుమ్మంలో టై ముడి సరిచేసుకుంటూ. "ఇటొచ్చి నా ఉపన్యాసం ఒకసారి విను."

చనిపోయినవాళ్ళ పేరున పంచే కొలివాకి గోధుమలు వాటంతట అవి ఉడకవు. కలుపుతూ ఉండకపోతే అడుగంటుతాయి. ఒక్క గింజ మాడినా పాత్ర మొత్తానికీ ఆ వాసన పట్టుకుంటుంది. తేనె, పంచదార, దంచిన అక్రోటు కాయలు, నిమ్మతొక్క, ఎన్ని వేసినా పోదు. ఇదంతా మా ఆయనకు చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఇలాంటివన్నీ చెప్పేదాన్ని, ఆయనేమో తలూపుతూ పేపరు చదువుకునేవాడు. కాబట్టి ఆ సాయంత్రం నేను కలుపుతూ విన్నాను, ఆయన చదివాడు. "ఈ చేతులతో" అన్న మాట దగ్గర రెండు చేతులూ పైకెత్తి నా వంక చూశాడు, బాగుందా అన్నట్టు. బాగుందన్నాను.

కొర్నెల్ రుమేనియాలోని మా ఊరి వీరుల స్మారక కమిటీకి అధ్యక్షుడు. రైల్వేలో పదవీ విరమణ చేశాక ఇంట్లో ఏం తోచక వారం రోజులు నా డబ్బాలన్నీ సర్దాడు. నాకు ఉప్పు దొరక్కుండా పోయింది. అందుకని ఆయన్ని కమిటీలోకి తోసింది నేనే. చర్చి ముందు రాతి స్తంభం, దాని మీద రెక్కలు విప్పిన కంచు గద్ద, కింద రెండు యుద్ధాల్లోనూ పోయిన మా ఊరివాళ్ళ పేర్లు, ఇదీ మా స్మారకం. గురువారం గురువారం ఐదుగురు మగవాళ్ళు మా వంటింట్లో కూర్చుని, రేగుపళ్ళ సారా తాగి, స్మారకాన్ని శుభ్రంగా ఉంచాలని తీర్మానం చేస్తారు. వాళ్ళు వెళ్ళాక గ్లాసులు కడుగుతాను. మర్నాడు పొద్దున్నే బకెట్టూ బ్రష్షూ పట్టుకుని వెళ్ళి తీర్మానాన్ని అమలు చేస్తాను. అక్షరాల్లో పాచి పడుతుంది, పావురాల రెట్టలు గట్టిపడతాయి, గద్ద రెక్కల కింద కందిరీగలు గూళ్ళు పెడతాయి. ఒకసారి నేను నిచ్చెన మీదుండగా కొర్నెల్ ఫొటో తీశాడు. "కమిటీ అవిరళ కృషి" అని జిల్లా పేపర్లో వేశారు. అందులో గద్ద ఉంది, నిచ్చెన ఉంది, చెప్పుతో సహా నా ఎడమ పాదం ఉంది.

మా అత్తగారు సావెతా గేటు బయట బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చునే మనిషి. నడుం పట్టుకుని నేనింటికొస్తే, "పోయినవాళ్ళకి చేసేది పుణ్యం. పుణ్యం చేస్తే నడుం నొప్పేంటమ్మా, ఒలింపియా?" అనేది. ఆవిడకు పుణ్యం బోలెడుంది కాబోలు, బ్రష్ ఎప్పుడూ ముట్టుకోలేదు.

అయినా కమిటీ పెట్టుకున్న స్లొవేకియా ప్రయాణానికి నేను సంతోషంగానే సిద్ధమయ్యాను. మా తాతయ్య ఇలారియోన్ రెండో యుద్ధం ఇక ముగుస్తుందనగా స్లొవేకియా కొండల్లో చనిపోయాడు. మా అమ్మ అప్పటికింకా కడుపులోనే ఉంది. జ్వోలెన్‌లోని మన రుమేనియా సైనికుల శ్మశానంలో ఆయన ఉన్నాడని తెలిసినా, ఆ రోజుల్లో సర్కారు అమ్మమ్మని సరిహద్దు దాటనివ్వలేదు. వెళ్ళనిచ్చే రోజులొచ్చేసరికి ఆవిడే పోయింది. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. వంతు నాకొచ్చింది. కమిటీ బస్సు అక్కడికే వెళ్తోందని తలుచుకుని, కొలివా పైన చల్లిన పంచదార పొడి మీద కోకోతో సిలువ గీస్తూ ఏడ్చాను కూడా. "తడి తగిలితే గడ్డకడుతుంది, జాగ్రత్త," అన్నాడు కొర్నెల్.

బస్సులో కిటికీ పక్క సీటు కొలివాకి ఇచ్చారు. కుదుపులకి సిలువ చెదురుతుందని కొర్నెల్ దాని పక్కన కూర్చుని పళ్ళెం అంచు పట్టుకున్నాడు. నేను డ్రైవరు పక్కన మడత సీట్లో హంగరీ అంతా దాటాను. మలుపు వచ్చినప్పుడల్లా వెనక నుంచి "ఎలా ఉన్నావు?" అని ఆయన గొంతు వినిపించేది. మొదటిసారి "బాగానే ఉన్నా" అన్నాను. ఆ తర్వాత చూస్తే ఆయన పళ్ళెంలోకి వంగి అడుగుతున్నాడు.

శ్మశానం కొండవాలు మీద ఉంది. వరసలు వరసలుగా సిలువలు, మధ్యలో పచ్చగా కత్తిరించిన గడ్డి. ఫాదర్‌గారు ప్రార్థన చదివారు, కొర్నెల్ కాగితం విప్పాడు. నేను వెనకాల బల్ల మీద ప్లాస్టిక్ గ్లాసుల్లో వైన్ పోస్తూ, ఎవరి వాటా వాళ్ళకి కొలివా సర్దుతున్నాను. చేతిలో ఆకులు పోగేసే పళ్ళకర్రతో ఒకావిడ వచ్చి నా పక్కన నిలబడింది. అక్కడి కాపలా మనిషట, పేరు బోజెనా. పుట్టింది మన రుమేనియాలోని నాడ్లక్‌లోనే, స్లొవాక్ కుటుంబం, పెళ్ళయి ఇటొచ్చింది. రుమేనియన్ చక్కగా మాట్లాడుతుంది.

"ఈ చేతులతో," అన్నాడు కొర్నెల్, చేతులు పైకెత్తి, "ఏళ్ళ తరబడి మా ఊరి స్మారకాన్ని కాపాడుతున్నాం."

బోజెనా ఆ చేతుల్ని చూసింది. తెల్లగా, మెత్తగా ఉన్నాయి. తర్వాత గ్లాసుల మధ్య ఉన్న నా చేతుల్ని చూసింది. "మీరేనా కాపాడేది?" అంది మెల్లగా.

"కమిటీ," అన్నాను.

"కమిటీ అంటే ఎవరు?"

"నేను."

సరిగ్గా అప్పుడే మౌనం పాటించమన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కున్నాను. బోజెనా పళ్ళకర్రకి నుదురానించి భుజాలు కదిలిస్తోంది. ఆవిణ్ణి చూసి నాది కట్టలు తెంచుకుంది. అందరూ మౌనంగా ఉన్నచోట నేను ముక్కు మూసుకుని కుతకుతలాడాను. ఏడుస్తున్నాననుకుని ఫాదర్‌గారు జాలిగా చూశారు. కొర్నెల్ మాత్రం నమ్మలేదు.

భోజనాలు అవుతుంటే బోజెనాని అడిగాను, "ఈ పని మీకు ఇష్టమా?"

"పని పనే. జీతమొస్తుంది, ఆదివారం సెలవు," అంది. "మీకు?"

"నాకు పుణ్యమొస్తుంది."

"అది ఏ తారీఖున వేస్తారు?" అంది బోజెనా. నవ్వలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. "సరేగాని, మీవాళ్ళు ఎవరైనా ఇక్కడున్నారా? ఇందాకట్నుంచి చూస్తున్నా, అందరూ వరసల్లోకి వెళ్ళారు, మీరొక్కరే బల్ల వదల్లేదు."

"తాతయ్య. ఈ గ్లాసులు సర్దేసి వెళ్తాను."

"గ్లాసులకి మీ తాతయ్య తెలుసా?"

నేను గుడ్డ బల్ల మీద పెట్టేశాను. మిగిలిన కొలివా ఒక గిన్నెలో వేసుకుని ఆవిడ వెనకాల నడిచాను. బోజెనా ఆ వరస చూపించి వెళ్ళిపోయింది. ఇలారియోన్, ఇంటిపేరు, అంతే. మైనపు వత్తి వెలిగించాను. అమ్మమ్మ చెప్పమన్నది చెప్పాను. అమ్మాయి పుట్టిందని, కళ్ళు ఆయనవేనని. తర్వాత నా చేతులు అలవాటుగా సిలువ మొదట్లోకి పోయాయి, కలుపు పీకడానికి. కలుపు లేదు. పాచి లేదు. ఎవరో పీకేశారు, ఎవరో కడిగారు, వాళ్ళకి జీతం ముట్టింది. ఒక సమాధి దగ్గర పనేమీ లేకుండా కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

కింద బస్సు హారన్ కొట్టింది. ఫోన్ మోగింది. "ఎక్కడున్నావు? గ్లాసులన్నీ అలాగే ఉన్నాయి, ఎవరు సర్దుతారు?" అన్నాడు కొర్నెల్.

"కమిటీ సర్దుతుంది," అని పెట్టేశాను. వత్తి మొత్తం కరిగేదాకా లేవలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొలివా అయిపోయింది కాబట్టి కిటికీ పక్క సీట్లో నేను కూర్చున్నాను.

ఊరొచ్చాక బ్రష్ ముట్టుకోలేదు. గొడవ పడలేదు, ప్రకటనేమీ చేయలేదు, ఊరికే వెళ్ళడం మానేశాను. మొదట్లో కొర్నెల్ గమనించనేలేదు. చలికాలం గడిచి, యుద్ధాల్లో పోయినవాళ్ళని ఏటా తలుచుకునే వీరుల దినం దగ్గరపడేసరికి అక్షరాలు పాచిలో మునిగిపోయాయి, గద్ద తెల్లబడింది. "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బాగుంది."

"మరి?"

"తీర్మానం చేసింది మీరే కదా."

మగవాళ్ళకి పౌరుషమొచ్చింది. ఐదుగురూ నిచ్చెన తెచ్చుకున్నారు. గద్దని గోకబోతే కందిరీగలు లేచాయి, కోశాధికారి పెదవి ముద్దగా వాచింది. దాంతో కడగడం మానేసి, పొయ్యి గొట్టాలకు పూసే వెండి రంగు కొనుక్కొచ్చి రెట్టల మీదే పూసేశారు. ఎండలో తళతళా మెరిసింది. దూరం నుంచి చూస్తే గుడ్డు పెట్టబోతున్న కోడిలా ఉంది.

వీరుల దినం ముందురోజు తనిఖీకి జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. స్తంభం చుట్టూ తిరిగాడు, తలెత్తాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "కంచుకి రంగు ఎవరేశారు? అనుమతి లేకుండా దీన్ని ముట్టుకోకూడదని తెలియదా?" అన్నాడు. కోశాధికారి రంగంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పోయినేడాది వచ్చినప్పుడు ఎంత బాగుంది. అప్పుడు చూసుకున్న మనిషి ఏమయ్యాడు?"

"మేమేనండీ," అన్నాడు కొర్నెల్.

రోడ్డుకి అవతల మా గేటు ముందు బెంచీ మీద గింజ తొక్క ఉమ్మి, మా అత్తగారు గొంతెత్తింది. "వాళ్ళ మొహం. వీడు నా కొడుకే, అయినా చెప్తున్నా. అది మా కోడలు చేసేది. వీళ్ళు తాగేవాళ్ళు."

ఇన్నేళ్ళలో ఆవిడ నా గురించి నలుగురిలో అన్న మొదటి మాట అది. నేను ఎటు చూడాలో తెలియక గద్ద వంక చూశాను.

ఆ సాయంత్రమే మేయరు వచ్చాడు. రంగు గీకి యథాతథం చేయకపోతే జరిమానా అట. ఊళ్ళో శ్మశానం, స్మారకం చూసుకునే ఉద్యోగం ఒకటి ఎప్పటినుంచో ఖాళీగా ఉందట, నేను ఒప్పుకుంటానా అని. కొర్నెల్ అడ్డొచ్చాడు. "మన ఇంటి మనిషి ఊరి స్మారకం కడిగి జీతం తీసుకోవడమేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"చేసేవాళ్ళు జీతం తీసుకుంటారనుకుంటారు," అన్నాను. "ఆదివారం రాను, మేయరుగారూ. సాయానికి ఇంకో మనిషి కావాలి."

"మనుషులెక్కడున్నారమ్మా?"

"ఐదుగురున్నారు. రంగేసినవాళ్ళు."

సోమవారం పొద్దున ఐదుగురూ వరసగా వచ్చారు. ఇనుప బ్రష్ వద్దని, చెక్క పుల్లలతో నెమ్మదిగా గీకమని చూపించాను. కొర్నెల్‌కి ఎడమ రెక్క ఇచ్చాను. మధ్యాహ్నానికి మొహమంతా వెండి మరకలతో నిచ్చెన మీద నుంచి కిందికి వంగాడు. కోపం పోయింది, అలుపు మాత్రమే ఉంది.

"ఒలింపియా, దాహంగా ఉంది. కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతావా?"

"కుళాయి చర్చి వెనకాల ఉంది," అన్నాను. "వచ్చేటప్పుడు నాకూ ఒక గ్లాసు పట్టుకురా."