దిండు కింది మైకు

దిండు కింద ఉండాల్సిన అబ్దుల్ ఖాదర్ గొంతు మాయమైందని సింధూజ రాత్రి ఎనిమిదిన్నరకు కనిపెట్టింది.

గొంతంటే అచ్చంగా గొంతే. ఆత్మకూరులో పాత సామాన్లు కొనే ఖాదర్ చాచా తన ఆటోకు కట్టుకుని తిరిగిన చేతి మైకు అది. మీట నొక్కితే చాలు, “పాత ఇనుము కొంటం, పగిలిన బకీట్లు కొంటం, పాడైన కూలర్లు కొంటం” అంటూ చార్జింగ్ అయిపోయేదాకా ఒకటే తీరుగా చెప్పుకుపోతుంది. నెల రోజులుగా సింధూజను నిద్రపుచ్చుతున్నది ఆ కూలర్లే.

సింధూజకు ఇరవై ఆరేళ్లు. ఏడీహెచ్‌డీ ఉందని నిరుడు డాక్టరమ్మ తేల్చింది. పగలంతా ఏ పని మీదా నిలవని బుర్ర, దీపం ఆర్పగానే డ్యూటీ ఎక్కేది. బల్లి గోడ మీద ఎందుకు జారదు? మూడో తరగతిలో తన రబ్బరు ఎవరు కొట్టేశారు? గట్టు ఊళ్లో పెద్దమ్మ ఇంటికి మెట్లు ఆరా, ఏడా? ఫోను తీసిందంటే ఒంటె పళ్ల వీడియోలతో తెల్లారేది. అందుకే పడక దగ్గర ఫోను వద్దని, మనసును కదలకుండా పట్టి ఉంచే చప్పిడి చప్పుడేదైనా వెతుక్కోమని డాక్టరమ్మ చెప్పింది. ఫ్యాను పనికిరాలేదు. వాన చప్పుడు వింటే ఆరేసిన బట్టలు గుర్తొచ్చాయి. చివరికి ఒకనాటి మధ్యాహ్నం ఖాదర్ చాచా ఆటో ఇంటి ముందే పంక్చరై, మైకు అరగంట ఆగకుండా మోగింది. చక్రం ఊడదీసి చాచా తలెత్తేసరికి సింధూజ చేతిలో చీపురుతో గడప మీదే గురక పెడుతోంది. ఆయన కొత్త మైకు కొనుక్కుని పాతది ఆమెకిచ్చేశాడు.

ఆ మైకు ఇప్పుడు లేదు. పోయిన రోజు కూడా మామూలు రోజు కాదు. తెల్లారితే తొమ్మిదింటికి నాగర్‌కర్నూల్‌లోని ఒక కంటి దవాఖానలో ఆమెకు ఉద్యోగపు ఇంటర్వ్యూ. పదిహేను రోజుల కింద అక్కడివాళ్లే ఒకసారి పిలిచారు. ముందురోజు రాత్రి మైకుకు చార్జింగ్ పెట్టడం మరిచి అయిదింటిదాకా మేలుకుని, లేచేసరికి పదకొండయింది. మేనేజరమ్మ మంచిది కాబట్టి ఇంకొక్కసారి రమ్మంది, మూడోసారి ఉండదని కూడా చెప్పింది. ఆరుంబావుకు వనపర్తి మీదుగా పోయే బస్సు ఎక్కాలి. ఎక్కాలంటే నిద్రపోవాలి.

మొదటి అనుమానం తల్లి జోగులమ్మ మీదికే పోయింది. కారణం గట్టిది. మూడు రోజుల కింద రాత్రి పదింటికి ఇద్దరు ఆడవాళ్లు పగిలిన బకీట్లు పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డారు. ఇది కొట్టు కాదని వాళ్లను పంపేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రాత్రే మైకు గొంతు తగ్గించమని హుకుం జారీ చేసింది. అప్పటి నుంచి అది దిండు కింద గుసగుసలాడుతోంది.

“నేను దాస్తే చెప్పి దాస్త,” అంది జోగులమ్మ, చపాతీ పిండి మీద నుంచి తలెత్తకుండా. “నాకు ఎవరి భయం?”

అది నిజమే. సింధూజ ఆ పేరు కొట్టేసింది.

తండ్రి నర్సింహులు మాత్రం దొంగను పట్టేదాకా అన్నం ముట్టేది లేదన్నట్టు వెతుకులాటకు దిగాడు. బియ్యం డ్రమ్ము తెరిచాడు. మూత వదులుగా ఉందని స్క్రూడ్రైవర్ కోసం పోయాడు. ఆ డబ్బాలో పాత రేడియో దొరికితే విప్పాడు. రేడియో మరలు పెట్టడానికి గిన్నె కావాలని వంటింటి అర అంతా దించాడు. గంట తిరిగేసరికి నడవడానికి కాలు పెట్టే జాగా లేదు.

“మైకు దొరకలే గని,” అంది జోగులమ్మ, “ఇల్లు పోయింది.”

చివరి ఆశ ఖాదర్ చాచానే. ఆయన కూతురింట్లో దావత్‌కని రాయచూరు వెళ్లాడు. ఫోను చేస్తే సంగతి విని, దాందేముంది, నేనే పలుకుతా, నువ్వు కళ్లు మూసుకో అన్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు కూడా. కానీ ప్రతి బకీటుకూ ఒకసారి ఆగి, “నిద్రొచ్చిందా బిడ్డా?” అని అడిగాడు. అది చాలదన్నట్టు దావత్‌కు వచ్చినవాళ్లలో ఎవరికో నిజంగానే పాడైన కూలర్ ఉందట, బేరం మొదలైంది. అది ఎక్కడ తెగుతుందోనని సింధూజ మంచం మీద లేచి కూర్చుంది. ఒంట్లో మిగిలిన కాస్త మగతా ఎగిరిపోయింది.

పదిన్నర. బస్సుకు ఇంకా ఏడు గంటల ముప్పావు.

అప్పుడు తట్టింది ఆమెకు. ఇందాకటి నుంచి మైకు ఎవరికి అడ్డమో అని వెతుకుతోంది. ఎవరికి అవసరమో అని వెతకలేదు.

ఆ ఇంట్లో అర్ధరాత్రి లేచి చెట్లకు నీళ్లు పోసే మనిషి ఒక్కడే. పేర్చిన కట్టెలు దించి మళ్లీ పేర్చేదీ ఆయనే. అలాంటి నాన్న నెల రోజులుగా ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు. గాలి కోసమని తన మంచాన్ని ఆమె కిటికీ కిందికి జరుపుకున్నాడు, అటువైపు గాలే రాదు. మైకు గొంతు తగ్గించిన ఈ మూడు రాత్రులూ మళ్లీ కట్టెల చప్పుడు.

సింధూజ చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లింది. కిటికీ కింద మంచం లేదు. కొట్టంలో, పల్లికాయ బస్తాల వెనకాల ఉంది. గొంగడి కింద నుంచి సన్నగా, “...కూలర్లు కొంటం.”

గొంగడి లాగింది. నర్సింహులు రెండు చేతులతో మైకును గుండెకు హత్తుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్నాడు. నిద్ర నటిస్తున్నాడని కనురెప్పలే చెబుతున్నాయి. సింధూజ మైకు తీసుకుని ఇద్దరి మధ్యా పెట్టి, మంచం మీద పక్కకు ఒరిగింది. ఇక తప్పదని నర్సింహులు నోరు విప్పాడు.

“నేనే తీసిన బిడ్డా. పగటీలి ఒక్క గంట పండుకుని మల్ల పెడుదామనుకున్న. పెడుదామని వచ్చిన గూడ. నడుమల డ్రమ్ము మూత కనపడ్డది, తర్వాత నీకు తెలుసు. అడుగుదామంటే షరమయింది. అరవై ఏండ్లోడు బిడ్డ మైకు అడుగుతడా? నాకు చిన్నప్పటి సంది గిట్లనే. దయ్యం పట్టిందని మీ తాత రెండు తాయెత్తులు కట్టించిండు. రాత్రంతా అవి ఇప్పి లోపల ఏమున్నదో చూసిన. నిరుడు డాక్టరమ్మ నీకు చెప్తుంటే తలుపు కాడ నిలబడి విన్న. ఒక్కొక్క మాట నాదే. నీకు చీటి మీద రాసిచ్చిండ్రు, నాకు రాయలే, గంతే ఫరక్. రేపు నువ్వొచ్చినంక నేను గూడ చూపించుకుంట. రేడియో బిగిస్త. డ్రమ్ము మూత బిగిస్త. గిన్నెలు ఎక్కిస్త. మోటరు కాడ వైరు గూడ ఒకటున్నది... సిందూ? పండుకున్నవా? పండుకో. ఐదు గొట్టంగనే లేపుత, నాకు ఎట్లాగు నిద్ర రాదు. గీ మైకు జర నా దిక్కు జరుపుకుంట, అంతే. గంత చిన్న డబ్బల గంత పెద్ద ఖాదర్ గొంతు ఎట్ల పట్టిందో తెల్వదు. ఒక్క మరనే ఇప్పి చూస్త. తెల్లారేవరకు మల్ల బిగిస్త.”