భ్రమరాంబ చోడిబీరు

భాద్రపదమాసపు అపరాహ్ణము. గగనమధ్యమున గుమిగూడిన నీలమేఘములు తమ నీడలను సాగరతలముపై పఱచి మెల్లమెల్లగా సాగిపోవుచుండ విశాఖపట్టణపు ఉత్తరపుకొసను కొండవాలున నిలిచిన యొక చిన్న యవసురాశాల గవాక్షములలోనికి లవణార్ద్రమైన గాలి వీచి అందలి రాగిపాత్రలపై సన్నని తేమపొరను నిలుపుచుండెను. క్రింద తీరమున వలల నారవేయు బెస్తవారి కేకలును తరంగఘోషయు వేడినీట నానుచున్న బార్లీగింజల తీయని యావిరియు ఏకమై యా శాలను నింపుచుండెను.

ఆ శాలయందు బీరు కాచించు ప్రధానాధికారిణి పేరు దాడి భ్రమరాంబ. ముప్పదియాఱేండ్ల ప్రాయము గలది. రసాయనశాస్త్రమున పట్టము పొంది పదునొకండు సంవత్సరములు పలుతావుల నీ విద్య నభ్యసించి స్వస్థలమునకు మరలివచ్చిన యామెకు నాసికయే సర్వస్వము. మూతవేసిన ఉక్కుతొట్టి చెంత నిమిషకాలము నిలిచి లోపలి పులుపు ఎన్నవనాటిదో చెప్పగల నేర్పరి.

ప్రతిమాసమును తొలి యాదివారమునాడు భోజనానంతరమున నామె సమ్ముఖమున నొక రసికగోష్ఠి కూడుచుండెను. ఆ గోష్ఠికి నియమ మొక్కటియే. వచ్చిన ప్రతివారును తామిప్పుడు త్రాగుచున్న దేదియో దాని రంగును వాసనను రుచిని దాపఱికము లేక తక్కినవారికి చెప్పవలెను. దంతవైద్యురాలు ఇందుమతియు గూడ్సుబండి గార్డు మార్టినును నలువదియేండ్లు భీమునిపట్టణపు తాళ్ళెక్కి కల్లుగీసి మోకాళ్ళు సహకరింపని వయసున మోకు విడిచి కల్లు నెఱిగిన నాలుకకు బీరొక లెక్కయాయని పరీక్షింపవచ్చి యిచ్చటనే యంటుకొనిపోయిన పైడయ్యయు అందు నిత్యసభ్యులు. శాలకు యజమానియైన నరసరాజుగారును అప్పుడప్పుడు వచ్చి యొకమూల కూర్చుండువారు.

ఆ యేటి జ్యేష్ఠమున భ్రమరాంబకు జ్వరము తగిలి పదిదినములలో తగ్గెను గాని పోవుచు పోవుచు నది యామె ఘ్రాణశక్తిని వెంటగొనిపోయెను. కాఫీ వేడిగా మాత్రమే యుండెను. మల్లెలు తెల్లగా మాత్రమే యుండెను. ఈ సంగతి నామె యెవ్వరికిని చెప్పలేదు. కొలతపరికరములను పూర్వాభ్యాసమును నమ్ముకొని మూడుమాసములు నెట్టుకొనివచ్చెను. గోష్ఠిలో నెవరే వాసనను వర్ణించినను తానును ఎఱిగినట్లు తల యూచుచుండెను.

భాద్రపదపు గోష్ఠిలో ముందుగా ఇందుమతి గ్లాసు నెత్తి చూపెను.

"బెంగుళూరు వెళ్ళినప్పుడు తెచ్చుకున్నానక్కా. గోధుమ బీరు. నారింజతొక్క, ధనియాలు వేశారు. ముక్కు దగ్గరికి తేగానే మా అమ్మమ్మ రోట్లో ఏదో దంచుతున్నట్టుంది."

"నాది అరకు కాఫీగింజలేసిన నల్లబీరు మేడమ్" అని మార్టిను చెప్పెను. "మొదటి గుక్క కొలిమి పక్కన కూర్చున్నట్టుంటుంది. రెండో గుక్కకి గాని చల్లబడదు."

పిమ్మట భ్రమరాంబ తాను క్రొత్తగా కాచిన బంగారువన్నె బీరును నలుగురికిని పోసెను. నురుగు ముచ్చటగా నిలిచెను. ఇందుమతియు మార్టినును ఒక్కొక్క గుక్క పుచ్చుకొని యొకరి మొగ మొకరు చూచుకొని గౌరవముచేత మాటాడకుండిరి. పైడయ్య మాత్రము గ్లాసును బల్లపై నుంచి దూరముగా త్రోసెను.

"ఏటనుకోకు తల్లీ. ఇది సెడిపోనాది. మూడోనాటి కల్లు కంపు కొడతంది. నీకు తెలీనేదేటి?"

భ్రమరాంబ గ్లాసును నాసికచెంతకు గొనిపోయి దీర్ఘముగా శ్వాసించెను. శూన్యము. మరల శ్వాసించెను. మరల శూన్యమే. మూల గూర్చున్న నరసరాజుగారితో సహా అందఱి చూపులును తనపై నిలువ నామె గ్లాసు దించి తలవంచక పలికెను.

"నాకు తెలియలేదు బాబాయ్. మూడు నెలలుగా నాకే వాసనా తెలియడం లేదు. మీకు చెప్పకుండా దాచాను. తప్పు నాది."

మఱునాటి యుదయమున నరసరాజుగా రామెను పిలిపించి కూర్చుండుమని కుర్చీ చూపిరి. కఠినులు గారు. అయినను మాట మార్చువారును గారు.

"మీమీద నాకు గౌరవముందమ్మా. కాని ముక్కు లేకుండా బీరు కాయడమెలా? ఇంకొకర్ని చూసుకోక తప్పదు."

"శివరాత్రి దాకా ఆగండి" అని భ్రమరాంబ యనెను. "ఒక కొత్తరకం కాస్తాను. ఈ గోష్ఠిలోనే పోస్తాను. ఒక్కరు బాగాలేదన్నా నేనే వెళ్ళిపోతాను. మీరు పొమ్మననక్కరలేదు."

ఆయన సరేయనిరి. ఆ పూటయే యామె చెడిన తొట్టిని స్వహస్తములతో విప్పి తుది చుక్కవఱకును కాలువకు విడిచెను.

అది మొదలు భ్రమరాంబ దినచర్య తపోదీక్షను బోలెను. వైద్యుని యుపదేశానుసారము ప్రతిప్రభాతమున లవంగమును నిమ్మతొక్కను నీలగిరితైలమును గులాబిరేకులను వరుసగా నాసికచెంత నుంచుకొని కన్నులు మూసి యొకనాటి వాని పరిమళములను జ్ఞప్తికి దెచ్చుకొనుచుండెను. ఆశ్వయుజము గడచెను. కార్తికమును గడచెను. ఏమియు మరలిరాలేదు. ఆమెయు మానలేదు.

బీరునకు బార్లీ విడిచి కొండసీమవారు చోళ్ళనెడు రాగులను ఎన్నుకొనెను. తడిగుడ్డలలో మూటగట్టి మొలకెత్తించి నీడ నారబెట్టి తానే దోరగా వేయించెను. గింజ వేగినదియు లేనిదియు పంట కొఱికి చిటుకుమను సవ్వడిచేత నిర్ణయించెను. తొట్టి యుక్కుగోడపై నఱచేయి నుంచి లోని కాక నెఱుగ నేర్చెను. జ్వరము హరింపలేకపోయిన చేదును పులుపును తీపిని ఉప్పును జిహ్వపై పదింతలు మెలకువతో విచారించెను. తక్కిన లోటును మిత్రులు పూరించిరి. మాసమున కొకమాఱు కూడు గోష్ఠి వారమున కొకమాఱు కూడసాగెను. పైడయ్య యైతే చేతికఱ్ఱ యూతగా దినము విడిచి దినము కొండవాలెక్కి వచ్చి తొట్టి గొట్టముకడ మొగముంచి నిలుచువాడు.

"ఇయ్యాల అరటిపండు వాసనొస్తందమ్మా."

"పండిన అరటా బాబాయ్, మిగలముగ్గిందా?"

"పండిందే. ఇంకా మచ్చలు పడనేదు."

"నిన్నటికన్నా ఎక్కువా?"

"ఇదేటి, కోర్టునో అడిగినట్టు అడుగుతన్నావు" అని వృద్ధుడు విసిగియు మరల మొగము వంచి మూచూచి తడవు యోచించి యుత్తరము చెప్పువాడు. ఆమె యా మాటలను ఉన్నవి యున్నట్లు వ్రాసికొనుచుండెను.

తొలితొట్టి బీరు నీళ్ళవలె పలుచనయ్యెను. రెండవది పులిసెను. రెండింటిని నామె కాలువపాలు చేసెను. రెండవదానిని విడుచునాడు ఇందుమతి కంట నీరు పెట్టుకొని "ఇక చాలక్కా, శరీరం పాడుచేసుకోకు" అని బతిమాలెను. భ్రమరాంబ చేతులు కడిగికొని మూడవ విడతకు చోళ్ళు నానబోసెను.

శివరాత్రి గడచిన తొలి యాదివారమునాడు గోష్ఠి కూడెను. నరసరాజుగారు మూలను విడిచి బల్లకడకే వచ్చి కూర్చుండిరి. చింతగింజవన్నె గల చోడిబీరును భ్రమరాంబ నలుగురికిని పోసెను.

"వేయించిన పిండి వాసన" అని ఇందుమతి మెల్లగా పలికెను. "చివర్న బెల్లం పాకంలాగ కొంచెం."

"వానకి తడిసిన మట్టి కూడా ఉంది మేడమ్" అని మార్టిను రెండవ గుక్క పుచ్చుకొనెను. నరసరాజుగారు తల పంకించిరి.

పైడయ్య మాత్రము గుక్కను నోట నిలిపి కన్నులు మూసికొని చాలసేపు మింగకుండెను. తుదకు మ్రింగి పెదవులు తుడిచికొని యనెను.

"సేదు ఓ పిసరు ఎక్కువైనాది."

నరసరాజుగారి చేయి గ్లాసుపై నిలిచిపోయెను. భ్రమరాంబ ముసలివాని కన్నులలోనికి నేరుగా చూచెను.

"ఆ చేదు నేను కావాలని పెట్టిందే బాబాయ్. మిగతాదంతా మీరు చెప్పగా కాచాను. అందులో నా అంతట నాకు తెలిసేది అదొక్కటే."

వృద్ధుడు గ్లాసును పైకెత్తి శేషించిన దంతయు నొక్కపెట్టున త్రాగి బల్లపై బోర్లించెను. మరల తానే వెలికిలద్రిప్పి యామె వైపు జరిపెను.

"అయితే ఉండనీ. బాగున్నాది. ఇంకోటి పొయ్యి."

నరసరాజుగారు లేచి నిలిచి "రేపటినుంచి రెండు తొట్లు కాయండమ్మా" యని మాత్రము చెప్పి వెడలిపోయిరి.

చైత్రమున నొకనాటి మధ్యాహ్నమున భ్రమరాంబయు పైడయ్యయు శాల వెనుకటి త్రోవను పోవుచుండిరి. కాచిన గింజల పిప్పిని గేదెలకై గొనిపోవు పాలవాడు మూడుదినములు రానందున నది గుట్టగా పేరుకొని యెండకు క్రుళ్ళి ఈగలు ముసరుచుండెను. పైడయ్య తువ్వాలుతో ముక్కు మూసికొని వడివడిగా నడచి వెనుదిరిగి చూడగా నామె గుట్టచెంత స్తంభమువలె నిలిచియుండెను.

"బాబాయ్, ఇక్కడేమైనా కంపు కొడుతోందా?"

"కొట్టడమేటి తల్లీ, పేగులు తిరిగిపోతన్నాయి! రా, ఎల్లిపోదాం."

ఆమె కదలలేదు. పదిమాసములు మూతపడిన తలుపు వెంట్రుకవాసి తెఱచికొన్నట్లు ఆ దుర్గంధము సన్నని పోగై నాసారంధ్రముల జొచ్చుచుండ మండుటెండలో మొగ మెత్తి కన్నీరు చెక్కిళ్ళ జాఱుచున్నను తుడిచికొనక ఊపిరితిత్తులు నిండునట్లు మరల మరల శ్వాసించుచు నిలిచెను. సౌరభమునే వరముగా నెంచు లోకమున నా దినమున క్రుళ్ళినపిప్పికంటె మిన్నయైన పరిమళము ఆమె యెఱుగదు.