అత్తగారిచ్చే జీతం

పుస్తకాలకు అట్టబొమ్మలు వేసి బతుకుతాను. డబ్బు వస్తే వరద, లేకపోతే కరువు. వరద నెలలో ఖరీదైన కుంచెలు కొంటాను. కరువు నెలలో వాటిని చూస్తూ ఉత్త టీతో కడుపు నింపుకుంటాను.

ఇది చూడలేక, ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మా అత్తగారు రంగంలోకి దిగారు.

"వచ్చిందంతా నా చేతిలో పెట్టండి అల్లుడుగారూ. ప్రతి ఒకటో తారీఖునా మీకు జీతమిస్తాను."

ఎగిరి గంతేశాను. పై ఆఫీసరు పోరు పడలేకే ఒకప్పుడు ఉద్యోగానికి దండం పెట్టి వచ్చేశానన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

మొదటి నెల జీతం ఠంచనుగా అందింది. రెండో నెలకే కోత పడింది.

"ఇదేంటండీ?"

"మంగళవారం మధ్యాహ్నం పడుకున్నారుగా. లీవు లెటరేది?"

"పడుకుని బొమ్మ గురించి ఆలోచిస్తున్నానండీ!"

"గురక పెట్టి ఆలోచిస్తారా?"

నాకు తిక్క రేగింది.

"ఈ ఉద్యోగం నాకొద్దు. రాజీనామా చేస్తున్నా!"

"చేయండి. మీ పోస్టులోకి ఇంకో మనిషి వచ్చేదాకా మాత్రం రిలీవ్ చెయ్యను."

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"అమ్మా, ఈసారి బొమ్మలేసేవాణ్ణి మాత్రం తీసుకోకు!"